తలకొఱివి యెవరిది?

మన సంఘమున పెండ్లిని గుఱించి వాదించువారు కలరు. చదువును గుఱించి వాదించువారు కలరు. చావును గుఱించి మాత్ర మెవ్వరును వాదింపరు. ఇంట శవ మున్నప్పుడు నోరు విప్పుట యమర్యాద. శవము వెడలిన పిమ్మట నోరు విప్పుట యమంగళము. ఈ రెండు మౌనముల నడుమ ననేకములైన యపోహలు శాస్త్రముల పేర చెల్లుబడి యగుచున్నవి. ప్రశ్నింపవలసినవారు దుఃఖములో మునిగి యుందురు; ప్రశ్నింపగలవారు మర్యాదకు లోబడి యూరకుందురు. నేనును ఒకప్పు డట్లే యూరకుంటిని. కావున ఈ వ్యాసము చదువరులకు విజ్ఞప్తియు, నాకు ప్రాయశ్చిత్తమును అగును గాక.

2011 వ సంవత్సరము మే మాసమున కృష్ణాజిల్లాలోని యొక గ్రామమున మా మేనత్త భర్త తెల్లవారుజామున కన్నుమూసెను. అత్త యంతకు ముందే గతించినది. వారికి కొడుకులు లేరు, ఒక్కతే కూతురు. పక్షవాతముతో మంచము పట్టిన తండ్రిని ఆమె పదునొకండేండ్లు కనిపెట్టుకొని యుండెను. అన్నము కలిపి నోటి కందించిన దామె. పక్క దులిపిన దామె. మందులకై మెడలోని గొలుసు నమ్మిన దామె. ఆయన ప్రాణము పోయినదియు ఆమె యొడిలోనే. తెల్లవాఱగనే యరుగుమీద చేరిన పెద్దలు వేసిన మొదటి ప్రశ్న, "కొఱివి పెట్టువా డెవడు?" అని. నాలుగు తరముల వెనుక కలిసిన దాయాది యొకడు హైదరాబాదులో నున్నాడని తేలెను. అతడా యింటి గడప త్రొక్కి తొమ్మిదేండ్లయినది. అతనికి కబురు పంపిరి. అతడు వచ్చువఱకు రోహిణి యెండలో, మంచుదిమ్మెల నడుమ, శవము సాయంకాలము దాక వేచియుండెను.

అప్పు డామె నన్ను ప్రక్కకు పిలిచి, "బావా! నీవు సంస్కృతము చదివినవాడవు గదా! నాన్నకు నేను కొఱివి పెట్టకూడదని యెక్కడనైన వ్రాసియున్నదా?" అని యడిగెను. వ్రాసి లేదని నాకు తెలియును. కాని యరుగుమీద పెద్దలు కూర్చుండి యుండిరి. నాకప్పటికి ముప్పదియేండ్లు నిండలేదు. "ఇప్పు డవన్నియు నెందుకులే యమ్మా" అని తప్పించుకొంటిని.

శవము లేచినది. దింపుడుకళ్ళెము వద్ద పాడెను దించి, చెవిలో పేరుపెట్టి ముమ్మాఱు పిలిచిరి. ప్రాణ మే మూలనైన మిగిలియున్న యెడల, ఎఱిగిన గొంతు విని లేచునేమో యన్న యాశయే యా యాచారమునకు మూలము. నాడు పిలిచినవాడు తొమ్మిదేండ్లుగా పలుకరింపనివాడు. ఆయన యెఱిగిన గొంతు ఇంటివాకిటనే నిలిచిపోయినది.

పెద్దకర్మ ముగిసిన మఱునాడు ఆ దాయాది, "తలకొఱివి పెట్టినవాడను గదా" యని పొలములో వాటా యడిగెను. 1956 నాటి హిందూ వారసత్వపు చట్టమునుబట్టి తండ్రి యాస్తికి కూతురు కొడుకుతో సమానముగా మొదటి తరగతి వారసురాలు. ఆమె జీవించి యుండగా దూరపు దాయాదికి గజము నేలయు రాదు. కొఱివి పెట్టుటకును ఆస్తి సంక్రమించుటకును ఆ చట్టమున సంబంధమే లేదు. ఈ మాటయు నేను చెప్పియుండవలసినది, చెప్పలేదు. నాన్న యాత్మకు శాంతి కలుగదేమో యన్న భయమున ఆమె ముప్పది సెంట్ల నేల వ్రాసి యిచ్చెను. అపోహవలన నెవరికి నష్టమని యడుగువారు ఆ ముప్పది సెంట్లను జ్ఞప్తియం దుంచుకొందురు గాక.

ఇక శాస్త్రవిచారము. కొడుకు లేనివాడు పున్నామనరకమున పడునని, "పుత్" అను నరకమునుండి తరింపజేయువాడు గనుక పుత్రు డయ్యెనని మనవారందఱకు కంఠస్థమే. ఈ వ్యుత్పత్తి మనుస్మృతి తొమ్మిదవ యధ్యాయమున నున్న మాట నిజము. కాని దానికి పూర్వుడైన యాస్కుడు తన నిరుక్తమున పుత్రశబ్దమునకు మూడు విధములుగా వ్యుత్పత్తి చెప్పెను. మిక్కిలి రక్షించువాడు కనుక పుత్రుడనుట యొకటి. పిండప్రదానమును బట్టి చెప్పినది రెండవది. నరకమును గూర్చినది మూడవది మాత్రమే. మూడింటిలో భయపెట్టు దాని నొక్కదానిని మనము పదిలపఱచుకొని తక్కిన రెండింటిని మఱచితిమి. "మిక్కిలి రక్షించువాడు" అను నర్థమునే గైకొన్నచో, పదునొకండేండ్లు తండ్రిని రక్షించిన కూతురికంటె పుత్రశబ్దమునకు తగినవా రెవరు?

అదే మనుస్మృతి, అదే యధ్యాయమున, కూతురు కొడుకుతో సమానమని చెప్పుచున్నది; కొడుకు కొడుకునకును కూతురి కొడుకునకును లోకమున భేదము లేదనియు చెప్పుచున్నది. మనువు స్త్రీపక్షపాతి యని నే ననను. ఆయన స్త్రీలను గుఱించి పలికిన కఠినవాక్యములను నేనును చదివితిని. ఆ కఠినవాక్యములను నోటికి వల్లెవేయు పండితులకు ఈ రెండు వాక్యములు మాత్రము కంటబడకపోవుటయే నాకు వింతగా నున్నది. ఇక మన పురోహితులు నిత్యము తిరుగవేయు గ్రంథములనే చూతము. కమలాకరభట్టు 1612 లో రచించిన నిర్ణయసింధువునందును, కాశీనాథోపాధ్యాయుడు 1790 లో రచించిన ధర్మసింధువునందును అంత్యకర్మకు అధికారుల పట్టిక కలదు. కొడుకు, మనుమడు, మునిమనుమడు లేని తావున పత్నియు కూతురును ఆ పట్టికలలో నున్నారు. కావున కూతురు కొఱివి పెట్టుట నేటి సంస్కర్తలు కల్పించిన క్రొత్తవింత కాదు. అచ్చుపుస్తకము చేతబట్టుకొనియే దానిలోని పుట తిప్పకుండుట మన పాతవింత.

"స్త్రీకి మంత్రాధికారము లేదు గదా" యని కొంద ఱడ్డుపడుదురు. నేను చూచిన యంత్యక్రియలన్నిటను మంత్రము చెప్పినవాడు పురోహితుడే. కర్త యగు కుమారుడు, పట్టభద్రుడైనను, ఉద్యోగి యైనను, దర్భ యే వ్రేలికి తొడుగవలెనో తెలియక పురోహితుని ముఖమే చూచుచుండును. సగము మాటలు పలుకును, సగము మ్రింగును. ఆ కొడుకు పలుకని మంత్రము తండ్రిని తరింపజేయుచుండగా, కూతురు శ్రద్ధతో పలుకు మంత్రము తరింపజేయదా? శ్రద్ధనుండియే గదా శ్రాద్ధమన్న మాట పుట్టినది!

ఇతిహాసములను ప్రమాణముగా కోరువారికి నొక్క ప్రశ్న. శ్రీరాముడు జటాయువునకు కొడుకా? దాయాదియా? సగోత్రుడా? ఒక స్త్రీని కాపాడబోయి రెక్కలు తెగి పడిన పక్షికి, తన బంధువునకు చేసినట్లు చితి పేర్చి, నిప్పు పెట్టి, పిండోదకములు విడిచెనని వాల్మీకి యరణ్యకాండమున చెప్పెను. కొఱివికి గోత్రముకంటె కృతజ్ఞత ముఖ్యమని యింతకంటె స్పష్టముగ నెవరు చెప్పగలరు? రామాయణము పారాయణము చేయు నిండ్లలోనే కన్నకూతురు వాకిట నిలిచిపోవుచున్నది.

లోకమును జూడుడు. 2018 ఆగస్టులో మాజీ ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి చితికి ఆయన పెంపుడుకూతురు నిప్పు పెట్టెను. 2021 డిసెంబరులో సైన్యాధిపతి బిపిన్ రావత్ దంపతుల చితికి వారి యిద్దఱు కుమార్తెలు నిప్పు పెట్టిరి. రెండును దేశమంతయు చూచుచుండగా జరిగినవే. ఆకాశము విఱిగి పడలేదు. పురోహితు లెవ్వరును మంత్రము మఱచిపోలేదు. పెద్దల యిండ్లలో జరిగిన ధర్మమనియు, మన వీథిలో జరిగిన యనాచారమనియు చెప్పుట ధర్మమునకు రెండు ధరలు కట్టుట కాదా? ఆంధ్రప్రదేశ శాసనసభ 1986 లోనే, నాటికి వివాహము కాని కూతుండ్రకు ఉమ్మడియాస్తిలో పుట్టుకతోనే కొడుకులతో సమానమైన హక్కును కల్పించెను. కేంద్రచట్టమున నా హక్కు చేరుటకు 2005 వ సంవత్సరము రావలసివచ్చినది. నేల పంచుటలో దేశమునకు దారి చూపిన తెలుగువారము, నిప్పు నందించుటలో నెందులకు వెనుకాడవలె?

"కొఱివి మాట యటుండనిండు, ఆడువారు కాటికే రాకూడదు" అనునది రెండవ యపోహ. ఆశ్వలాయన గృహ్యసూత్రమున మృతుని భార్యను కాటియందే చితి చెంత కూర్చుండబెట్టి, పిమ్మట మఱది మొదలగువారిచే లేపింపవలెనని విధి కలదు. కాటికే రానిదానిని చితిచెంతనుండి లేపుట యెట్లు? వాల్మీకిరామాయణమున దశరథుని దహనసమయమున కౌసల్యాదు లంతఃపురమునుండి వచ్చి మండుచున్న చితికి అప్రదక్షిణము చేసిరి. భారతమున స్త్రీపర్వమంతయు కురుక్షేత్రమున తమవారి శవములను వెదకికొను స్త్రీల యేడుపే. తిక్కన దానిని తెనుగు చేసి మనకిచ్చెను. అది చదివి కన్నీరు పెట్టినవాడే, తన చెల్లెలు పాడె వెంట నడచినచో గద్దించును.

ఇందులో నింకొక ఘోరము కలదు. స్త్రీ కాటికి రాకూడదను నీ సంఘమే యొకప్పుడు సహగమనము పేర స్త్రీని కాటికి తెచ్చి చితిపై కూర్చుండబెట్టెను. కాలుటకు రావచ్చునట, కాల్చుటకు రాకూడదట! ఆ దురాచారమునకు చూపిన వేదప్రమాణ మెట్టిదో వినుడు. ఋగ్వేదము పదవ మండలము పదునెనిమిదవ సూక్తమున, భర్తలు గల స్త్రీలు ముందుగా నడువవలెనను సందర్భమున "అగ్రే" అను పదము కలదు. ముందుగా నని దాని యర్థము. దానినే "అగ్నేః" అని మార్చి చదివి, స్త్రీ యగ్నిలో ప్రవేశింపవలెనని చెప్పిరి. ఒక్క యక్షరము మాఱినది, ఎందఱో కాలిపోయిరి. ఆ వెనువెంటనే యున్న మంత్రము భర్త ప్రక్కనున్న స్త్రీని లెమ్మనియు, బ్రతికియున్నవారి లోకమునకు మరలి రమ్మనియు పిలుచుచున్నది. దాని నెవ్వరును చెవిని బెట్టలేదు. 1829 లో వంగరాష్ట్రమునను, 1830 లో చెన్నపట్టణపు రాజధానియందును శాసనములు వచ్చినగాని యా చితులు చట్టవిరుద్ధములు కాలేదు. కాటివిషయమున "శాస్త్రములో నున్నది" అను మాట వినినంతనే, ఏ గ్రంథము, ఏ పుట యని యడుగుట దుఃఖసమయమున నైనను అమర్యాద కాదని ఈ కథ మనకు నేర్పుచున్నది.

మూడవ యపోహ: దహనమే హిందువుల యాచారము, పూడ్చిపెట్టుట పరమతస్థులది యని. ఋగ్వేదమే యగ్నిచే కాల్చబడిన పితరులను, కాల్చబడని పితరులను కూడ స్మరించుచున్నది. పైన చెప్పిన పదునెనిమిదవ సూక్తమునందే, మృతుని కప్పుకొమ్మనియు, బరువు కావలదనియు భూమిని ప్రార్థించు మంత్రములు కలవు. రెండేండ్లు నిండని శిశువునకు దహనము లేదని మనువే చెప్పెను. సన్న్యాసులకు సమాధియే, వీరశైవులకు సమాధియే, తెలుగునాట ననేక కులములవారు తరతరములుగా భూమికే యప్పగించుచున్నారు. వీరందఱు హిందువులు కారా? ఇక్కడ పూడ్చుట తక్కువ యనువారు సముద్రమున కావలి సంగతియు వినవలెను. ఇంగ్లండులో 1884 వఱకు శవమును కాల్చుట నేరమేమో యన్న సందేహముండెను. కార్డిఫ్ న్యాయస్థానమున నొక వైద్యునిపై వచ్చిన యభియోగమున న్యాయమూర్తి యది నేరము కాదని తేల్చెను. రోమన్ కాథలిక్ మఠము 1886 లో దహనమును నిషేధించి 1963 లో నా నిషేధమును సడలించెను. అక్కడ కాల్చుట పాపము. ఇక్కడ పూడ్చుట తక్కువ. రెండుచోట్ల దేహమొక్కటే, మాఱినది అలవాటు మాత్రమే.

నాలుగవది, విద్యుత్తుతోనో గ్యాసుతోనో నడచు దహనవాటికలపై మనవారికి గల యేవగింపు. కట్టెలచితి కాక వేఱొక యగ్ని పవిత్రము కాదందురు. అయ్యా, మీరు కుండలో గొనిపోవు నిప్పు అరణి మథించి తెచ్చినదా? ఆ మాట యాహితాగ్నులు చెప్పినచో చెల్లును. మనము గీయు నగ్గిపుల్ల పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండులో పుట్టినది. చితిపై కుమ్మరించు కిరసనాయిలును సూత్రకారు లెఱుగరు. వీనినెల్ల సహించిన శాస్త్రము తీగలోని వేడిమిని మాత్రము సహింపదా? కొలిమిలో వేడిమి సుమారు 800 నుండి 1000 డిగ్రీల సెంటీగ్రేడు వఱకు నుండును. దేహమున సగమునకు మించినది నీరు. అది యావిరి యగును. మాంసాదులు వాయువులై పోవును. ఇంచుమించు రెండు గంటలలో మిగులునది ఎముక యొక్కటే. మనము బూడిద యని చెప్పుకొను రెండుమూడు కిలోల పదార్థములో ప్రధానమైనది ఎముకలోని కాల్షియము ఫాస్ఫేటే. మన పూర్వులు దానిని ఏఱుకొనుటను భస్మసంచయన మనక అస్థిసంచయన మనిరి. ఇచట పాతమాటయు క్రొత్తవిజ్ఞానమును నొక్కటియే.

కొలిమిలో నొకరి యస్థులు వేఱొకరి వానితో కలిసిపోవునని కొందఱు భయపడుదురు. ఒక కొలిమిలో నొకమాఱు ఒక్క దేహమునే యుంతురు. దాని శేషమును తీసిన పిమ్మటనే రెండవదానిని పంపుట పద్ధతి. ఎచ్చటనైన నా పద్ధతి తప్పినచో అది పనివాని యజాగ్రత్త గాని యగ్నిదోషము కాదు. కపాలము పగిలిన చప్పుడు చెవిని పడిననే గాని ప్రాణము విడువదని మఱికొందఱి నమ్మకము. ప్రాణము విడిచెననియే గదా కాటికి తెచ్చితిమి! వేడిమికి నెముక పగులుట కట్టెలలోనైనను కొలిమిలోనైనను సహజమే. ఒక్క చితికి సుమారు 400 నుండి 500 కిలోల కట్టె కావలెను. శ్రావణమాసపు వానలో పేదవాడు అప్పుచేసి తడికట్టె కొని, సగము కాలిన తండ్రిని చూచి తలవంచుకొని మరలివచ్చుట పవిత్రమా? 1986 లో మొదలైన గంగా కార్యాచరణ ప్రణాళికలో నదీతీరములందు విద్యుద్దహనవాటికలు కట్టవలసివచ్చుటకు కారణము, సగము కాలిన దేహములు గంగలో తేలుచుండుటయే.

అయిదవదానిని మనమందఱము కన్నులారా చూచితిమి. 2020, 2021 సంవత్సరములలో కరోనావ్యాధివలన మరణించినవారి చితిపొగ సోకినచో రోగము వచ్చునని, ఊరి కాటిలో దహనమునకు చోటియ్యని గ్రామములు తెలుగునాట నుండెను. అస్థులు తాకినచో నంటునని వానిని వదలివేసిన కుటుంబములును కలవు. 2020 మార్చిలోనే కేంద్ర ఆరోగ్యశాఖ ప్రకటించిన సూచనలలో, చితాభస్మమువలన ప్రమాదము లేదనియు, దానిని సేకరించి యుత్తరక్రియలు జరుపుకొనవచ్చుననియు స్పష్టముగా నుండెను. ప్రమాదము చచ్చినవాని పొగలో లేదు. కాటికడ గుమిగూడిన బ్రతికినవారి శ్వాసలో నుండెను. మనము శవమునకు వెఱచితిమి; గుంపునకు వెఱవలేదు.

తుదకు, అన్నిటికంటె తీయనైన యపోహ యొకటి కలదు. కాటిలో నందఱు సమానులే యని. హరిశ్చంద్రనాటకమున కాటిరంగము వచ్చినప్పుడు ప్రేక్షకులు పద్యము పద్యమునకు వన్స్‌మోర్ కొట్టుదురు. కులము పేర స్వయముగా నవమానముల పాలైన జాషువ రచించిన శ్మశానపద్యములు ఆ రంగమున చేరి, దశాబ్దములుగా తెలుగువారి కన్నుల నీరు తెప్పించుచున్నవి. ఆ యేడ్చినవారి యూళ్ళలోనే కులమునకొక కాడు, కాటికి పోవు దారియందును కులవివాదము! తెలంగాణమున 2019 లో ప్రారంభమైన పల్లెప్రగతిలో గ్రామగ్రామమున వైకుంఠధామములు కట్టుట మంచిపని. కాని ప్రభుత్వము గోడ కట్టగలదు, గొట్టము వేయగలదు. పాడె మోయు నలుగురిలో వేఱొక కులమువాని భుజ మొకటి చేర్చుట మాత్రము మన చేతిలోని పని.

ఇన్ని యపోహలకును మూల మొక్కటే. ఆచారమును శాస్త్రమని పిలుచుట. శాస్త్రము నెవ్వరును తెఱచి చూడకుండుట. ఈ యజ్ఞానమువలన నష్టపడువా రెల్లప్పుడును బలహీనులే యగుట గమనింపదగినది: కొడుకులేని యింటి కూతురు, కట్టె కొనలేని పేద, దారిలేని పాలెమువాడు. బలవంతుని చితి కెన్నడును శాస్త్ర మడ్డు రాలేదు.

చేయవలసినది కష్టమైనది కాదు. తనకు కొఱివి పెట్టువా రెవరో ప్రతివాడును ఆరోగ్యముగా నున్నప్పుడే యింటివారితో చెప్పి, కాగితముపై వ్రాసి యుంచవలెను. శవము నడుమనుండగా వాదము జరుగరాదు గనుక వాదము ముందే ముగియవలెను. పురోహితులు తమ చేతనున్న గ్రంథముల పుటలు తిప్పి, అధికారుల పట్టికను పూర్తిగా చదివి వినిపింపవలెను. చదువుకొన్నవారు అరుగుమీది పెద్దలకు వెఱవక నోరు విప్పవలెను. నాకు కొడుకును కలడు, కూతురును కలదు. ఇద్దఱును కలిసి కుండ పట్టవలెనని వ్రాసి, నా భార్యకు చదివి వినిపించి, బీరువాలో నుంచితిని.

2011 లో నన్ను ప్రక్కకు పిలిచి యడిగిన యామెకు నే నింతవఱకు సమాధానము చెప్పలేదు. ఆమె యీ పత్రికను చదువునని యెఱుగుదును. అమ్మా, నీవు పెట్టకూడదని యెక్కడను వ్రాసి లేదు. ఆనాడే చెప్పవలసినది.